సంకేతం ఒక్కటి, పేర్లు పెక్కు



ఒక కాగితం మీద "బొగ్గు శ్రేణి: జి" అని మాత్రమే వ్రాసి ఉన్నదనుకొందాం. ఆ బొగ్గు మేలైనదా, నాసిదా? గోదావరిఖనిలో ఈ ప్రశ్న ఎవరినడిగినా, వెంటనే ఎదురుప్రశ్న వేస్తారు: "ఆ కాగితం ఏ సంవత్సరానిది?" అని. ఈ ఎదురుప్రశ్నలోనే నేడు నేను చెప్పదలచిన విషయమంతా ఇమిడి ఉన్నది.

2011 సంవత్సరాంతం వరకు మన దేశంలో కోకింగుకు పనికిరాని బొగ్గును ఏ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి అని ఏడు శ్రేణులుగా విభజించేవారు. ఏ అన్నిటికంటె ఉత్తమం, జి అన్నిటికంటె అధమం. 2012 జనవరి 1 నుండి ఆ పద్ధతి పోయి, జి-1 మొదలు జి-17 వరకు పదునేడు శ్రేణులు వచ్చినవి. ఇందులో జి-1 ఉత్తమోత్తమం. అనగా పాత పట్టికలో అట్టడుగున ఉన్న అక్షరమే క్రొత్త పట్టికలో అన్ని మెట్లకూ ముందు నిలిచినది. అక్కడ అది ఒక శ్రేణి పేరు, ఇక్కడ కేవలం "గ్రేడు" అన్న ఆంగ్ల పదపు తొలి అక్షరం. అంకె చెరిగిపోయి అక్షరం మాత్రం మిగిలిన కాగితం చేతికి వస్తే, దానిని చదివేవాడు ఏమని గ్రహించాలి?

ఇంతటితో ఆగలేదు. ఈ రెండు పట్టికలు కొలిచే వస్తువులే వేరు. పాత పద్ధతిలో బొగ్గులోని బూడిద శాతాన్ని, తేమ శాతాన్ని కలిపి, ఆ మొత్తాన్ని 138తో గుణించి, 8900 నుండి తీసివేసేవారు. బూడిద 30, తేమ 6 అయితే మొత్తం 36. లెక్క వేస్తే 3932 కిలోకెలోరీలు వస్తుంది. అది 3360కి, 4200కు నడుమ ఉన్నది గనుక ఆ బొగ్గు 'ఇ' శ్రేణిది. క్రొత్త పద్ధతిలో బొగ్గును పరికరంలో మండించి, వెలువడిన మొత్తం వేడిని కొలుస్తారు. కిలోకు 7000 కిలోకెలోరీలు దాటితే జి-1. అక్కడి నుండి మూడువందలకొక మెట్టు చొప్పున దిగుతూ, 2200కు పైన 2500 వరకు ఉన్నది జి-17. ఒకటి లెక్క కట్టిన సంఖ్య, మరొకటి కొలిచిన సంఖ్య. కాబట్టి "పాత 'ఇ' అంటే క్రొత్తగా జి-ఎంత?" అన్న ప్రశ్నకు పట్టికను పక్కన పెట్టుకొని కచ్చితమైన జవాబు చెప్పడం కుదరదు. మళ్ళీ నమూనా దగ్గరకో, నాటి పరీక్షాఫలితాల దగ్గరకో వెళ్ళవలసిందే.

ఇటువంటి పట్టికలనే శాస్త్రజ్ఞులు కోడ్ లిస్టులు అంటారు. సంకేతసూచికలు అని నేనంటాను. ఒక సమాచారాన్ని భద్రపరచేటప్పుడు, ఆ సమాచారాన్ని గురించిన సమాచారం కూడ పక్కన వ్రాసి పెట్టాలి. ఎవరు సేకరించారు, ఎక్కడ, ఎప్పుడు, ఏ కొలమానంతో అన్నవి. దీనిని మెటాడేటా అంటున్నారు. ఆ వివరాలను ఎవరి ఇష్టం వచ్చిన మాటల్లో వారు వ్రాసుకుంటే, రేపు వెదికేవానికి ఏదీ దొరకదు. అందుచేత ముందుగానే ఒక పట్టిక సిద్ధం చేసి, "ఈ గడిలో వీటిలో ఒకదానిని మాత్రమే వ్రాయవలెను" అని నియమం పెడతారు. అదే నియంత్రిత పదజాలం.

ఈ మాటలు యంత్రసంబంధమైనవిగా తోచి, సాహిత్యపు పుటలో వీటికేమి పని అని కొందరు మిత్రులు అనుకోవచ్చు. మనలో మొదటి తరం బ్లాగరులకు ఈ బాధ స్వానుభవమే. యూనికోడుకు ముందు ఈనాడు పుట ఒక ఖతితో, వార్త పుట మరొక ఖతితో కనిపించేవి. లోపల ఉన్న సంఖ్య ఒకటే అయినా, ఒక ఖతిలో అది ఒక అక్షరం, మరొక ఖతిలో వేరొక గుణింతపు ముక్క. ఖతి లేని యంత్రంలో తెరిస్తే తెలుగంతా పిచ్చిగీతలై కనిపించేది. ఆ చిక్కును విప్పడానికే 'పద్మ' వంటి ఉపకరణాలు పుట్టినవి. ఏ ఖతి అన్నది తెలిస్తే తప్ప సంఖ్యకు అర్థం లేదు. ఏ పట్టిక అన్నది తెలిస్తే తప్ప 'జి'కి అర్థం లేదు. రెండూ ఒకటే వ్యాధి.

వృత్తిరీత్యా తెలుగు పండితుణ్ణి కనుక, మన పూర్వులు ఈ సమస్యను ఎట్లా ఎదుర్కొన్నారో కొంచెం చెప్పకుండ ఉండలేను.

పాణిని తన వ్యాకరణంలో 'టి', 'ఘు', 'ఘి', 'భ' వంటి సంజ్ఞలను వాడినాడు. వీటికి లోకంలో అర్థం లేదు. దా, ధా రూపాలైన ధాతువులకు 'ఘు' అని పేరు. ఎందుకు ఘు అంటే, ఆయన పెట్టినాడు కనుక. లోకంలో ముందే అర్థమున్న మాటను పరిభాషగా తీసుకుంటే ఆ పాత అర్థం వెంట వస్తుంది. అర్థం లేని అక్షరానికి ఆ పీడ లేదు, నిర్వచనం ఏది చెబితే అదే దాని అర్థం. నేటి సంకేతకర్తలు "సంకేతంలో అర్థాన్ని దాచవద్దు" అని చెప్పే సూత్రం ఇదే.

దీనికి భిన్నమైన మార్గం కటపయాది. మేళకర్త రాగాల పేర్లలో మొదటి రెండక్షరాలను అంకెలుగా మార్చి తిరగవేస్తే ఆ రాగపు సంఖ్య వస్తుంది. కల్యాణికి ముందు 'మేచ' చేర్చినారు: మకారం 5, చకారం 6, తిరగవేస్తే 65. శంకరాభరణానికి 'ధీర' చేర్చినారు: 9, 2, తిరగవేస్తే 29. తోడికి 'హనుమ' చేర్చినారు: 8, 0, అనగా ఎనిమిదవ మేళం. పేరులోనే సంకేతాన్ని పొదిగిన ఈ యుక్తికి చేతులెత్తి నమస్కరించవలసిందే. అయితే దీనికీ ఒక ఇబ్బంది ఉన్నది. సంయుక్తాక్షరంలో చివరి హల్లును గణించడం కటపయాదిలో సాధారణ పద్ధతి. ఆ ప్రకారం చక్రవాకానికి 26 రావాలి. కాని 26 చారుకేశిది, చక్రవాకం పదహారవ మేళం. కనుక అక్కడ రేఫను వదలి కకారాన్ని గ్రహించాలి. పేరుకూ సంకేతానికీ ముడివేస్తే, ఎక్కడో ఒకచోట ఇటువంటి మినహాయింపు చెప్పుకోక తప్పదు.

భూతసంఖ్యల సంగతి మరీ చిత్రం. నేత్రం, పక్షం, కరం ఏది చెప్పినా రెండే. ఛందస్సుకు ఎంత సౌకర్యం! కాని సముద్రమంటే ఒకచోట నాలుగు, మరొకచోట ఏడు. రసమంటే రుచులైతే ఆరు, కావ్యరసాలైతే తొమ్మిది. శాసనంలో తేదీని ఈ విధంగా చెక్కించినప్పుడు, వేయి సంవత్సరాల తరువాత చదివేవాడు ఏ పట్టిక తీసుకోవాలో తెలియక తల పట్టుకొంటాడు. ఒక సంఖ్యకు పెక్కు పేర్లు ఉండటం వరం. ఒక పేరుకు రెండు సంఖ్యలు ఉండటం శాపం. ఈ ఒక్క వాక్యాన్ని జ్ఞాపకం పెట్టుకొంటే తక్కినదంతా సులభం.

ఇప్పుడు మా ఊరికి వద్దాం. ఇక్కడి గనులకు సంకేతాలే పేర్లు. గోదావరిఖని అన్న పేరు ఆంగ్ల అక్షరాల్లో కుదించబడి జి.డి.కె. అయినది. దానికి అంకె చేరి జి.డి.కె.-1, జి.డి.కె.-2, జి.డి.కె.-11 అయినది. జనం నోట అవి "రెండో బాయి", "పదకొండో ఇంక్లైన్". ఆ అంకెలు క్రమంగా ఊళ్ళ పేర్లయినవి కూడ. ఎనిమిదవ ఇంక్లైన్ కాలనీలో పుట్టిన పిల్లవానికి 'ఎనిమిది' అనేది లెక్కల పుస్తకంలోని అంకె కావడానికి ముందే తన ఇంటి చిరునామా. సంకేతం తాను సూచించే వస్తువును దాటి కూడ బ్రతుకుతుందని చెప్పడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

భూమిలోపలి బొగ్గు పొరల పేర్లూ అంతే. పొరను ఇక్కడ 'సీమ్' అనే అంటారు. 1871లో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును కనుగొన్న భూగర్భశాస్త్రవేత్త విలియం కింగ్ పేరు మీద అక్కడ 'కింగ్ సీమ్' ఉన్నది, దానికి తోడు 'క్వీన్ సీమ్' కూడ ఉన్నది. రామగుండంలో మాత్రం పొరలకు ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలు. మూడుకు తోడుగా మూడు-ఏ, మూడు-బి. ఈ అంకె తన క్షేత్రంలోనే చెల్లుబాటు. మరొక బొగ్గుక్షేత్రంలోనూ 'మూడవ సీమ్' ఉండవచ్చు. అంతమాత్రాన రెండూ ఒకే పొర కావు. "మూడవ సీమ్ నమూనా" అని మాత్రమే వ్రాసిన సీసా ప్రయోగశాల అలమరలో ఉంటే, దాని విలువ ఆ సీసా విలువే.

పరిపాలనా సంకేతాలను చూడండి. మా రామగుండం కరీంనగర్ జిల్లాలో ఉండగా ఇక్కడి వాహనాల మీద ఏ.పి.-15 ఉండేది. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడగా టి.ఎస్.-02 అయినది. 2016 అక్టోబరు 11న పెద్దపల్లి జిల్లా ఏర్పడగా టి.ఎస్.-22 అయినది. 2024 మార్చిలో టి.ఎస్. పోయి టి.జి. వచ్చినది. ఊరు కదలలేదు, గోదావరి కదలలేదు, సంకేతం మాత్రం పదేళ్ళలో మూడు మారులు మారినది. ప్రజల ఆకాంక్షలకు అనుగుణంగా పేర్లు మారటాన్ని నేను ఆక్షేపించను, పేర్లు మారవలసినవే. కాని శాస్త్రీయ సమాచారంలో జిల్లా పేరునే సంకేతంగా వాడినవాడు, 1990లోని కరీంనగర్ వర్షపాతాన్నీ 2020లోని కరీంనగర్ వర్షపాతాన్నీ ఒకే గడిలో వేసి పోల్చే ప్రమాదం ఉన్నది. ఆ రెండు కరీంనగర్‌ల వైశాల్యం వేరు, పేరు మాత్రమే ఒకటి.

ఈ విషయంలో యూనికోడు వారి కఠిననియమం నాకు నచ్చుతుంది. ఒకసారి అక్షరానికి సంఖ్య ఇస్తే మరల మార్చరు, తీసివేయరు, ఇంకొకదానికి ఇవ్వరు. మన శకటరేఫ 'ఱ' సంఖ్య 0సి31. లోకమంతా దాని వాడుక మానివేసినా ఆ గది దానిదే. దంత్య చజలు 2008లో వచ్చినవి, నకారపొల్లు 2021లో వచ్చినది. వచ్చినవాటికి ఖాళీ గదులు ఇచ్చారే గాని, ఉన్నవారిని లేపి కూర్చోబెట్టలేదు. అంతేకాదు, ఒక చిహ్నపు పేరులో 'బ్రాకెట్' అన్న ఆంగ్ల పదం వర్ణక్రమం తప్పి అచ్చైతే, ఆ తప్పును కూడ అట్లే ఉంచి, సరియైన రూపాన్ని మారుపేరుగా పక్కన చేర్చినారు. అది మొండితనంగా కనిపించవచ్చు. కాని మనం ఇరవై ఏళ్ళ క్రితం వ్రాసిన టపాలు నేటికీ చదవగలుగుతున్నామంటే ఆ మొండితనం చలవే.

మారుపేరు అన్న మాట వచ్చినది కనుక, మా ప్రాంతంలో దానికున్న బరువు చెప్పాలి. పూర్వం బాయిపనిలో చేరినవారిలో పలువురికి ఇంటి దగ్గర ఒక పేరు, మస్టరులో ఒక పేరు. పాఠశాల రిజిస్టరులో తండ్రిపేరు ఒకటి, తండ్రి ఉద్యోగపు కాగితాలలో మరొకటి. ఆ ఇద్దరూ ఒక్కరే అని నిరూపించుకోవడానికి కుటుంబాలు పడే అవస్థ ఇక్కడ అందరికీ తెలిసినదే. పేరు ఎంత ఆత్మీయమైనదో గుర్తుగా అంత బలహీనమైనది. రెండు పేర్లనూ ఒకే సంఖ్య క్రింద వ్రాసిపెట్టే పద్ధతి ఉంటే, ఏ పేరూ అబద్ధం కానక్కరలేదు.

మస్టరు సంగతి అట్లుండగా, శాస్త్రీయ వివరాల పట్టికలకు ఇట్టి పద్ధతి ఉన్నది. భౌగోళిక సమాచారాన్ని వర్ణించడానికి 2003లో వెలువడిన ఐ.ఎస్.ఓ. 19115 ప్రమాణంలో విషయాలకు 19 వర్గాల పట్టిక ఉన్నది. వ్యవసాయం, జీవజాలం, సరిహద్దులు, వాతావరణం మొదలైనవి. భూగర్భవిషయాలకు 008 అని సంకేతం. తేదీకి కూడ పట్టిక ఉన్నది: తయారైన తేదీయా, ప్రచురించిన తేదీయా, సవరించిన తేదీయా అన్నది విడిగా చెప్పాలి. ఉత్తరానికి తేదీ వేయటమే గొప్ప అనుకొనే మనకు ఇది అతిజాగ్రత్త అనిపిస్తుంది. బొగ్గు నమూనా తీసిన నాటికీ, పరీక్షించిన నాటికీ నడుమ ఎండలో తేమ ఎంత తగ్గుతుందో ఎరిగినవారికి అనిపించదు.

2009లో ప్రపంచవ్యాప్త వెబ్ సంఘం వారు 'స్కాస్' అనే పద్ధతిని ప్రమాణంగా ప్రకటించినారు. దాని సారాంశం ఇది. ప్రతి భావానికి ఒక స్థిరమైన గుర్తు ఉంటుంది. ఆ గుర్తుకు ప్రతి భాషలోను ఒక ముఖ్యనామం ఉంటుంది. ముఖ్యనామం కాక ఎన్ని ఉపనామాలైనా ఉండవచ్చు. నిర్వచనం ఉంటుంది. దీనికంటె విశాలమైనది, దీనికి లోబడినది అన్న బంధుత్వాలు ఉంటాయి. అమరకోశం వల్లెవేసినవారికి ఈ ఏర్పాటు అపరిచితమేమీ కాదు. వర్గం క్రింద భావం, భావం క్రింద పర్యాయపదాలు. అమరుడు వేయనిది సంఖ్య ఒక్కటే.

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వారి 'ఆగ్రోవాక్' అనే పదకోశం ఈ పద్ధతిలోనే ఉన్నది. 1980ల ఆరంభంలో మొదలైన ఆ కోశంలోని భాషలలో తెలుగు కూడ ఒకటి. అందులో ఒక ధాన్యానికి 12332 అని గుర్తు. కోస్తా వారు దానిని మొక్కజొన్న అంటారు, మేము మక్కలు, మక్కజొన్న అంటాము. ఆంగ్లేయుడు మెయిజ్ అంటాడు, అమెరికా వాడు కార్న్ అంటాడు. 12332కు ఎవరి మీదా పక్షపాతం లేదు. మెక్సికోలోని పరిశోధన, మా మంథని రైతు చేను రెండూ ఆ సంఖ్య దగ్గర కలుసుకోగలవు.

నా అభిప్రాయం ఇక్కడ స్పష్టంగా చెబుతాను. తెలుగులో శాస్త్రం వ్రాయడానికి అడ్డుపడుతున్నది పదాల కొరత కాదు, ఒక్క పదాన్నే గెలిపించాలన్న పట్టుదల. మైన్ అన్నదానికి తెలుగేమిటని అడిగితే పాఠ్యపుస్తకం 'గని' అంటుంది. మా ఊరి పేరులో సంస్కృతపు 'ఖని' ఉన్నది. కార్మికుడు 'బాయి' అంటాడు. మా పిల్లలు వ్యాసాలలో "మా నాయిన బాయికి పోతడు" అని వ్రాసేవారు. నేను బాయి, బావి, గని, ఖని నాలుగింటినీ నల్లబల్ల మీద పక్కపక్కనే వ్రాసి చూపేవాణ్ణి. 1968లో తెలుగు అకాడమి ఏర్పడిన నాటి నుండి ఎన్నో పారిభాషిక పదకోశాలు వచ్చినవి. వాటి వెనుక గొప్ప కృషి ఉన్నది. అయితే ప్రతి కోశం చుట్టూ అవే తగవులు: సంస్కృతసమాసమా, అచ్చతెనుగా, ఆంగ్లపదమా, ఏ జిల్లా మాట అని. తగవు తేలేలోగా విద్యార్థి ఆంగ్లమాధ్యమానికి వెళ్ళిపోయినాడు.

సంకేతాన్ని నడుమ నిలిపితే ఈ తగవు చాలామట్టుకు చల్లారుతుంది. భావానికి సంఖ్య ఇవ్వండి. దాని క్రింద గని, ఖని, బాయి, మైన్ అన్నిటినీ చేర్చండి. పాఠ్యపుస్తకానికి ముఖ్యనామం కావాలంటే ఒకదానిని ఎన్నుకోండి. తక్కినవి ఉపనామాలై ఉంటాయి గాని బహిష్కృతులు కావు. ఎవడు ఏ మాటతో వెదికినా అదే చోటికి చేరుతాడు. నియంత్రిత పదజాలమంటే భాషను కట్టడి చేయటమని భయపడేవారు ఈ ఏర్పాటును ఒకమారు పరిశీలించాలి. ఇందులో కట్టడి సంఖ్యకు, స్వేచ్ఛ మాటకు.

ఇది తెలుగువారికి క్రొత్తది కాదు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారు కూర్చిన మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటాన్ని 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రచురించినది. చేనేత సంపుటం 1971లో వచ్చినది. రైతులను, నేతకారులను అడిగి, ఒకే పనిముట్టుకు ఏ ప్రాంతంలో ఏమని పేరో సేకరించి పెట్టిన గ్రంథాలవి. ఏది శుద్ధం, ఏది అశుద్ధం అన్న విచారణ అందులో లేదు. వస్తువు ఒకటి, పేర్లు పెక్కు. సంగణకాలు మన ఇళ్ళకు రాకముందే ఆ దృష్టి మనకు ఉన్నది.

ప్రాణాలకు సంబంధించిన ఉదాహరణ ఒకటి. గనిప్రమాదాలను ధన్‌బాద్ కేంద్రంగా ఉన్న గనుల భద్రతా డైరెక్టర్ జనరల్ కార్యాలయం వారు కారణాలను బట్టి వర్గీకరిస్తారు: నేల కదలిక, రవాణా యంత్రాలు, ఇతర యంత్రాలు, పేలుడుపదార్థాలు, విద్యుత్తు, వాయువులు, ధూళి మొదలైనవి. నేల కదలికలో పైకప్పు కూలడం వేరు, పక్కగోడ కూలడం వేరు. "రూఫ్ పడ్డది", "కప్పు కూలింది", "మీదికెల్లి పెళ్ల వచ్చింది" అని ముగ్గురు మూడు విధాలుగా చెప్పినా మూడూ ఒకే సంకేతం క్రిందికి రావాలి. పక్కగోడ నుండి జారిపడిన పెళ్ల మాత్రం ఆ సంకేతం క్రిందికి రాకూడదు. పైకప్పుకు ఆధారాలు పెంచాలా, పక్కలను కాపాడాలా అన్న నిర్ణయం ఆ లెక్క మీద ఆధారపడుతుంది. మాటను సంకేతంగా మార్చేవానికి కార్మికుని భాష రాకపోతే లెక్క తప్పుతుంది. లెక్క తప్పితే దిమ్మె పెట్టవలసినచోట పెట్టరు.

ఇక ఎదురువాదాలు. సంకేతసూచికను ఎవరు తయారుచేస్తారన్నది అన్నిటికంటె పెద్ద ప్రశ్న. పట్టికలో లేనిది లోకంలో లేనట్లే అవుతుంది. మాకు గోదావరికి ఆవల ఉన్న ఆదిలాబాదు గోండు సోదరుల భాషనే చూడండి. భాషాసంకేతాల ప్రమాణంలో తెలుగుకు రెండక్షరాల సంకేతం, మూడక్షరాల సంకేతం రెండూ ఉన్నవి. గోండీకి మూడక్షరాలదే ఉన్నది. దానిలోపల మరల ఆదిలాబాదు గోండీకి ఒకటి, ఆహేరి గోండీకి ఒకటి, ఉత్తర గోండీకి ఒకటి. ఒకప్పుడు దక్షిణ గోండీ అని ఉన్న సంకేతాన్ని రద్దుచేసి రెండుగా చీల్చినారు. మాట్లాడేవారు తమదంతా ఒకే భాష అనుకొంటున్నారా, వేరువేరు అనుకొంటున్నారా అన్నది పట్టికకు కనిపించదు. ఆదిలాబాదు జిల్లాలోని గుంజాల గ్రామంలో వెలుగుచూసిన గోండీ లిపికి 2018లో యూనికోడులో స్థానం లభించినది. అంతవరకు ఆ వ్రాతప్రతులను వాటి లిపిలోనే సంగణకంలోకి ఎక్కించే ప్రామాణిక మార్గమే లేదు. సంకేతం ఇవ్వటమంటే ఉనికిని గుర్తించటం. ఇవ్వకపోవటమంటే 'ఇతరములు' అన్న గడిలోకి నెట్టటం. ఆ గడి ఎంత నిండితే పట్టిక అంత అసంపూర్ణమని నా కొలమానం.

పట్టిక ఆలోచనను గడ్డకట్టిస్తుందని మరికొందరంటారు. నిజమే. కాని దానికి మందు పట్టికను మానివేయటం కాదు. ఏ కూర్పు, ఏ సంవత్సరం అన్నది ప్రతి సంకేతం పక్కన వ్రాయటం. పాణినిపై కాత్యాయనుడు వార్తికాలు చెప్పినాడు, పతంజలి భాష్యం వ్రాసినాడు. సూత్రాన్ని చెరిపివేయలేదు.

కనుక నా దృష్టిలో నాలుగు నియమాలు చాలు. ఒకటి, పట్టిక పేరు, కూర్పు చెప్పకుండ సంకేతాన్ని వ్రాయరాదు. రెండు, ఇచ్చిన సంకేతాన్ని రద్దుచేయవచ్చు గాని మరొకదానికి ఇవ్వరాదు. మూడు, సంకేతంలో మారే విషయాలను, అనగా జిల్లాలను, పదవులను, వ్యక్తుల పేర్లను దాచరాదు. నాలుగు, ప్రతి సంకేతం క్రింద జనం వాడే పేర్లన్నీ, ఏ ప్రాంతానివో చెప్పి, నమోదు చేయాలి. మొదటి మూడు నియమాలు నిపుణులు చూసుకొంటారు. నాలుగవది మనం చేయకపోతే ఎవరూ చేయరు.

ఎందుకింత తొందర అంటే, బొగ్గుబాయి భాష మా కళ్ళముందే తరిగిపోతున్నది. తట్టా-చెమ్మస్‌తో బొగ్గు ఎత్తిన తరం వృద్ధాప్యంలో ఉన్నది. ఆ పని యంత్రాలకు పోయినది, భూగర్భగనుల స్థానంలో ఓపెన్‌కాస్టులు వచ్చినవి. టబ్బు, సర్దారు, మస్టరు, ప్లేడే వంటి మాటలలో కొన్ని ఆంగ్లం నుండి, కొన్ని హిందుస్తానీ నుండి వచ్చి, ఇక్కడి నాలుకమీద నలిగి తెలుగైనవి. నాకు తెలిసిన ఏ నిఘంటువులోనూ వీటి బాయి అర్థాలు సమగ్రంగా లేవు. వ్యవసాయానికి, చేనేతకు 1962లో, 1971లో దక్కిన గౌరవం బాయిపనికి ఇంకను దక్కవలసి ఉన్నది.

నేను ఒక నోటుపుస్తకంలో ఈ పని మొదలుపెట్టినాను. ఎడమవైపు వరుససంఖ్య, దాని పక్కన వస్తువు యొక్క వర్ణన, ఆ క్రింద పేర్లు, ఎవరి నోట విన్నానో కాక ఏ ప్రాంతంలో విన్నానో ఆ ఊరు, విన్న సంవత్సరం. ఒక సంఖ్యను కొట్టివేస్తే దానిని తిరిగి వాడటం లేదు. కొత్తగూడెం, ఇల్లెందు, మందమర్రి, భూపాలపల్లి ప్రాంతాల మిత్రులు గాని, అక్కడ పుట్టి విదేశాలలో స్థిరపడినవారు గాని తమ ఇంటి పెద్దలను అడిగి, ఇదే పద్ధతిలో పది మాటలు వ్రాసి పంపినా చాలు. శుద్ధమైన మాటేనా అన్న సంకోచం వద్దు. వస్తువును సరిగా వర్ణిస్తే సంఖ్య నేనిస్తాను.

మీ అభిప్రాయాలను, ముఖ్యంగా విభేదించేవారి అభిప్రాయాలను, వ్యాఖ్యలలో తెలియజేయగలరు.

స్వస్తి.